భూగర్భపు వెచ్చదనము – ఇంటి లెక్క

ఒక వస్తువు మంచిదా కాదా యనునది యొక ప్రశ్న. అది మన యింటికి తగునా తగదా యనునది వేఱొక ప్రశ్న. మొదటిదానికి అమ్మువాడు బదులు చెప్పగలడు. రెండవదానికి ఇల్లాలే లెక్క వేసి చెప్పుకొనవలెను. అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున స్థిరపడిన మాకు గడచిన శీతకాలమున ఈ భేదము చక్కగా తెలిసివచ్చినది.

మేముండునది పట్టణమునకు దూరమైన పల్లెపట్టు. వీథిలో గ్యాసుగొట్టము లేదు. పెరటి ట్యాంకులో నింపించుకొను ప్రొపేను వాయువుతోనే ఇల్లు వెచ్చబడవలెను. మా ఫర్నేసు 22 ఏండ్ల నాటిది. ఇది మఱియొక చలికాలము నిలువదని మరమ్మతు చేయువాడు చెప్పెను. ఇంటిలో 76 ఏండ్ల మా అత్తగారున్నారు. చలి సోకినచో వారి మోకాళ్లు పట్టివేయును. మా అమ్మాయి మూడేండ్లలో కళాశాలకు పోవలెను. మా చేతనున్న సొమ్మంతయు దాని చదువునకై కూడబెట్టినదే. కావున ఈ నిర్ణయమునందు ఒకవైపు పెద్దవారి సుఖము, మఱొకవైపు పిల్లదాని చదువు నిలిచినవి.

ఆ దినములలోనే 'జియోథర్మల్' యంత్రమును పెట్టించుకొనుడని కొందఱు మిత్రులు సలహా యిచ్చిరి. దీని తత్త్వము కష్టమైనది కాదు. మన యూళ్లలో బావినీరు వేసవిలో చల్లగాను, మాఘమాసపు తెల్లవారుజామున వెచ్చగాను తోచుట సోదరీమణు లెఱిగినదే. మారునది పైగాలియే గాని లోపలి భూమి అంతగా మారదు. మా ప్రాంతమున ముప్పది యడుగుల లోతున ఏడాది పొడుగునను ఇంచుమించు 12 డిగ్రీల వేడి యుండును. పైన మంచు కురియుచున్నను అంతే. లోతుగా బోర్లు వేసి, గొట్టములు దింపి, వానిలో నీటిని త్రిప్పి ఆ వేడిని ఇంటికి చేర్తురు. వేసవిలో ఇంటి వేడిని తిరిగి భూమికి పంపుదురు. యంత్రము వేడిని పుట్టింపదు, మోయును. అందుచేతనే ఒక పాలు విద్యుత్తునకు మూడు నాలుగు పాళ్ల వేడి లభించును. ఈ యూహయు నిన్నటిది కాదు. 1912లోనే స్విట్జర్లాండు దేశీయుడైన హైన్రిక్ జోలీ భూమినుండి వేడి తీయు పద్ధతికి పేటెంటు పొందెను.

ఇక ధర. మూడు బోర్లతో 32 వేల డాలర్లని మాకు చెప్పిరి. 2022 నాటి చట్టము ప్రకారము ఇట్టి వ్యయములో 30 శాతము ఆదాయపుపన్నులో తగ్గుచుండెడిది. 2025 జూలైలో వచ్చిన చట్టము ఆ సంవత్సరాంతముతో ఆ సదుపాయమును ముగించినది. కావున మొత్తము భారము మాదే.

చిల్లికుండను నింపుటకు ముందు చిల్లి మూయవలెను గదా! తలుపునకు పెద్ద పంకా బిగించి, గాలి యెచట దూరుచున్నదో పరీక్ష చేయించితిమి. అటకపై దూదివంటి రక్షణపొరను మందముగా పఱపించి, కిటికీసందులు మూయించితిమి. దీనికి 3 వేల డాలర్లయినది. ఏటా 900 గ్యాలన్లు తాగు ఇంటికి ఇక 650 చాలునని లెక్క తేలినది. అంతకన్న విశేషము, అత్తగారి గదిలోని చలిగాలి ఆ వారముననే ఆగిపోయినది. ఇంటి అవసరము తగ్గుటచే రెండు బోర్లు చాలునని, ధర 26 వేలని మరల చెప్పిరి.

అప్పుడు అత్తగారు ఒక మాట అడిగిరి: "అమ్మాయీ, భూమిలోని వేడిని తీయగల యంత్రము గాలిలోని వేడిని తీయలేదా?"

తీయగలదు. గాలినుండి వేడి తీయు హీటు పంపులును ఉన్నవి. చలి ముదిరినకొలది వాని బలము తగ్గును. కాని అతిశీతల దినములకు తోడుగా చిన్న ప్రొపేను ఫర్నేసు పెట్టినను మొత్తము 15 వేలే. మా ప్రాంతపు ధరలతో లెక్కింపగా, ప్రొపేను మాత్రమే వాడినచో ఏటికి 1,600 డాలర్లు, గాలియంత్రమునకు సుమారు 1,000, భూమియంత్రమునకు సుమారు 700 తేలినవి. అనగా 11 వేలు అధికముగా పెట్టి ఏటికి 300 డాలర్లు మిగుల్చుకొనుట. వేసవి పొదుపును కలిపినను ఆ సొమ్ము తీరుటకు ముప్పదియేండ్లు పట్టును. భూమిలోని గొట్టములు ఏబదియేండ్లు నిలుచునట. ఇంటిలోని యంత్రము మాత్రము ఇరువది, ఇరువదియైదేండ్లకే మార్పు కోరును.

కావున మేము గాలియంత్రమునే నిశ్చయించితిమి. మిగిలిన 11 వేలు అమ్మాయి చదువు ఖాతాలోనే ఉన్నవి.

దీనినిబట్టి భూమియంత్రము వ్యర్థమని తలపరాదు. స్వీడను దేశమున లక్షల సంఖ్యలో ఇండ్లు దీనితో వెచ్చబడుచున్నవి. క్రొత్తగా ఇల్లు కట్టువారికి, చలి మిక్కిలి తీవ్రమైన చోట నుండువారికి, ఆ యింటనే తరతరములు ఉండదలచినవారికి ఇది తగియుండవచ్చును. మన తెలుగునాట మాత్రము లోపలి భూమియే వెచ్చనిది. ఏడాది పొడుగునను వేడిని లోపలికి పంపుటయే గాని తీసికొనుట యుండదు. గొట్టముల చుట్టునున్న మన్ను క్రమముగా వేడెక్కును. అచట మేడపై తెల్లసున్నమును, పడమటివైపు చెట్టునీడయు ముందు చూచుకొనవలసినవి.

ఏ యంత్రము కొనదలచినను సోదరీమణులు దాని ధర యొక్కటే అడుగరాదు. ముందు ఇంటి చిల్లులు మూయించితిమా? దీని ప్రక్కనున్న దానికన్న ఇది యెంత యెక్కువ? ఆ యెక్కువ ఎన్నేండ్లకు తీరును? అన్నేండ్లు మనము ఈ యింటనుందుమా? ఈ నాలుగింటికి కాగితముపై బదులు వ్రాసికొనిన పిమ్మటనే బయానా ఇయ్యవలెను.