కుటుంబ సమ్మేళనానికి ఒక నోటుపుస్తకం



ఈ మధ్య చాలా కుటుంబాలలో ఒక కొత్త ఆనవాయితీ కనిపిస్తున్నది. నాలుగు దిక్కులకూ చెదరిపోయిన అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ సంతానమంతా ఏదో ఒక శని, ఆదివారాలలో పూర్వికుల ఊరిలో కలుసుకుంటున్నారు. పెళ్ళి కాదు, పెద్దకర్మ కాదు. కలుసుకోవడమే పని. మా కుటుంబం కూడా నిరుడు నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో, మైపాడు సముద్రతీరానికి దగ్గరలో ఉన్న మా ఊళ్ళో అలా కలుసుకున్నది. చెన్నై, బెంగుళూరు, హైదరాబాదు, అమెరికాల నుంచి వచ్చినవారితో కలిపి మొత్తం 64 మంది. వైద్యుడినన్న కారణంగా మందుల పెట్టె బాధ్యత నాకు అప్పగించారు. ఆ పెట్టెతో పాటు ఒక నోటుపుస్తకం కూడా తీసుకువెళ్ళాను. ఈ వ్యాసం ఆ పుస్తకం గురించే. మీరూ ఇటువంటి సమ్మేళనం తలపెట్టి ఉంటే ముందుగా ఒకటి కొని పెట్టుకోండి.

తేదీ విషయంలోనే మొదటి చర్చ జరిగింది. అమెరికా పిల్లలు నవంబరు చివరి వారం అన్నారు, అక్కడ వారికి సెలవులట. నెల్లూరు తీరానికి నైరుతి ఋతుపవనం కంటే ఈశాన్య ఋతుపవనమే ఎక్కువ వర్షం తెస్తుందని వారికి ఎవరు చెప్పాలి? 1927 నాటి పెద్ద గాలివాన నవంబరులోనే వచ్చింది. 1984 తుపానూ నవంబరులోనే. 2021 నవంబరులో పెన్న పొంగి రైలుమార్గమూ, రహదారీ తెగిపోయాయి. సంక్రాంతికి పెడదామంటే రైలు టిక్కెట్లు దొరకవు. చివరకు ఫిబ్రవరి మొదటి వారం నిశ్చయించాము. చలి వెనుకబడి, ఎండ ఇంకా ముదరని రోజులవి. పులికాట్ సరస్సులో కొంగలను చూడాలనుకున్న వారి ముచ్చటా తీరింది.

వృద్ధుల కోసం చేసిన ఏర్పాట్లను విస్తరించి చెప్పను. పాత ఇంట్లో మోకాళ్ళ నొప్పులవారికి కమోడు కుర్చీలు రెండు అద్దెకు తెచ్చాము. ఇన్సులిన్ కోసం పక్కింటివారి ఫ్రిజ్‌లో ఒక అర అడిగి ఉంచుకున్నాము. తీరప్రాంతపు బోరునీరు ఉప్పన కనుక తాగునీరు డబ్బాలలో తెప్పించాము. చేపల పులుసు మరునాటికి గానీ రుచి తేలదన్నది మా ప్రాంతపు సిద్ధాంతం. రక్తపోటు ఉన్నవారికి మాత్రం ముక్కలు తిని పులుసు వదిలిపెట్టమని చెప్పాను. ఎందరు విన్నారో అడగకండి. సముద్రంలో మోకాలి లోతు దాటి ఎవరూ వెళ్ళరాదన్న నియమాన్ని పిల్లలు పాటించారు, వారి తండ్రుల వెనుకే ఒక మనిషిని కాపలా పెట్టవలసి వచ్చింది.

ఇక నోటుపుస్తకం. రెండవ రోజు భోజనాలయ్యాక వసారాలో ముగ్గురు పెద్దవారిని కూర్చోబెట్టి, మా ముత్తాత గారి నుంచి మొదలుపెట్టి ఎవరికి ఎవరు పుట్టారు, ఎన్నేళ్ళు బ్రతికారు, ఎలా పోయారు అని రాసుకుంటూ వచ్చాను. వైద్యులు వంశవృక్షం గీసే పద్ధతి సులభమైనది. పురుషుడికి చతురస్రం, స్త్రీకి వృత్తం, గతించినవారిపై ఏటవాలు గీత. జబ్బు ఉన్నవారి గడిని నలుపుతో నింపుతారు. భార్యాభర్తలను కలుపుతూ ఒక గీత, వారు దగ్గరి రక్తసంబంధీకులైతే జంట గీతలు. మా పటంలో జంట గీతలు తొమ్మిది వచ్చాయి!

ఇక్కడ ఒక మెలకువ చెబుతాను. ‘ఏ జబ్బుతో పోయారు?’ అని అడిగితే మన పెద్దలు సమాధానం చెప్పలేరు. ‘చివరి రోజులలో ఎలా ఉండేవారు?’ అని అడగండి. ‘కాలిమీద పుండు ఎంతకీ మానలేదు’ అంటే మధుమేహాన్ని అనుమానించాలి. ‘మూతి వంకర పోయింది’ అంటే పక్షవాతం. ‘ఒళ్ళంతా నీరు పట్టింది’ అంటే గుండె, మూత్రపిండాలు, కాలేయాలలో ఏదో ఒకటి చెడిందన్నమాట. అలాగే, పుట్టిన సంవత్సరం అడిగితే ఎవరికీ తెలియదు. వారి పంచాంగం వేరు. పెద్ద గాలివాన, ఆంధ్ర రాష్ట్రం వచ్చిన 1953, దివిసీమ ఉప్పెన వచ్చిన 1977, సునామీ వచ్చిన 2004: వీటికి ముందా, తరువాతా అని అడిగితే లెక్క ఇట్టే తేలుతుంది.

ఆ లెక్కలోనే నా కలం ఒకచోట ఆగిపోయింది. మా ముత్తాత గారి రెండవ కుమారుడి సంతానం ఎప్పుడో ఊరు విడిచి వెళ్ళారు. మాకూ వారికీ రాకపోకలు తక్కువ. ఆ శాఖకు చెందిన అత్త ఒకరు, 88 ఏళ్ళ మనిషి, తన తమ్ముడి గురించి ఇలా చెప్పింది: “నిద్దట్లోనే పోయినాడు నాయనా. పుణ్యాత్ముడు. ఒకరి చేత నీళ్ళు తాగించుకోకుండా పోయినాడు.”

ఎప్పుడని అడిగాను. 84 తుపాను వచ్చిన ఏడు, ఎండాకాలంలో అన్నది. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు తనకు పెళ్ళయిందట, అప్పటికి తమ్ముడికి పదిహేనేళ్ళట. అంటే పోయేనాటికి 46. మరి మీ నాన్నగారో అన్నాను. “ఆయనా అంతే. పొలం గట్టున కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయినాడు. నా పెళ్ళయిన పన్నెండేళ్ళకు. పెద్ద గాలివానకు ఆయన పదేళ్ళ పిలకాయంట.” అంటే 48. తమ్ముడి పెద్దకొడుకు బెంగుళూరులో ఆఫీసుకు వెళుతూ మెట్లమీద కూలిపోయాడన్నది అందరికీ తెలిసినదే. అతనికి 49. మూడు తరాలలో మూడు పుణ్యమరణాలు! ఆ మూడవ వ్యక్తి కుమారులు ఇద్దరూ, 24 ఏళ్ళవాడూ, 21 ఏళ్ళవాడూ, అదే సమయంలో ఇంటిముందు క్రికెట్ ఆడుతున్నారు.

నడివయసులో ‘నిద్రలో పోవడం’ అనేది సాధారణంగా గుండెకు సంబంధించిన మరణం. తండ్రికి గానీ సోదరుడికి గానీ 55 ఏళ్ళ లోపు, తల్లికి గానీ సోదరికి గానీ 65 ఏళ్ళ లోపు గుండెజబ్బు వచ్చి ఉంటే దానిని వైద్యులు ఒక ప్రత్యేక హెచ్చరికగా పరిగణిస్తారు. కారణాలు అనేకం. గుండె కండరం మందం కావడం, లయ తప్పే గుణం వంశంలో ఉండటం వంటివి కొన్ని. పుట్టుకతోనే చెడు కొలెస్టరాల్ విపరీతంగా ఉండే స్థితి మరొకటి. తల్లిదండ్రులలో ఒకరికి ఈ చివరిది ఉంటే ప్రతి బిడ్డకూ సంక్రమించే అవకాశం సగానికి సగం. సన్నగా ఉన్నా, మాంసం ముట్టకపోయినా అది తప్పదు. అయితే ఒక రక్తపరీక్షతో బయటపడుతుంది. చెడు కొలెస్టరాల్ 190 దాటితే అనుమానించవలసిందే. ఆపైన అందుబాటు ధరలోని మందులతో అదుపులో ఉంచవచ్చు. ఈసీజీ, ఎకో పరీక్షలతో మిగిలిన కారణాలను చాలావరకు పరిశీలించవచ్చు.

ఇదంతా నేను అక్కడ గట్టిగా అనలేదు. కానీ అత్త నా ముఖం చూసి గ్రహించింది. పుస్తకం మీద చెయ్యి పెట్టి, “పెళ్ళి కావలసిన పిలకాయలుండారు నాయనా. ఇదంతా కాగితం మీద పెడితే రేపు సంబంధాలు వస్తాయా?” అన్నది. ఆ ప్రశ్నను అజ్ఞానమని కొట్టివేయకండి. మన సమాజంలో జబ్బు ఒకరిదైనా మచ్చ ఇంటిల్లిపాదిదీ అవుతుంది. క్షయ, మతి చలించడం, ఆత్మహత్య వంటివి అందరి ముందూ అడగకపోవడమే మర్యాద. ఆమెకు నేను ఇచ్చిన మాట ఇది: పటం వాట్సాప్ బృందంలోకి వెళ్ళదు, దానిమీద పేర్లు ఉండవు, సంఖ్యలే, ఏ శాఖ పుట ఆ శాఖవారికే. సంబంధాలు కలుపుకునేటప్పుడు ఏమి చెప్పాలో వారి ఇష్టం. దాచడం నాకు సమ్మతం కాదు, అయినా ఆ నిర్ణయం నాది కాదు.

ఆ రాత్రి ఆమె నన్ను కాదు, మా కోడలిని పిలిపించుకున్నది. మగవారి ఎదుట చెప్పని మాట ఒకటి చెప్పింది. తన చెల్లెలు నలభై దాటీ దాటకుండానే రొమ్ములో గడ్డతో పోయిందట. వసారాలో మాత్రం ‘జ్వరం’ అని రాయించింది! కనుక మీ పుస్తకం పట్టుకుని కూర్చునేవారిలో ఒక స్త్రీ తప్పక ఉండాలి.

జంట గీతల గురించి కొంచెం. బావామరదళ్ళ మధ్య వారసత్వంగా వచ్చే జన్యువులలో ఎనిమిదవ వంతు ఒకటిగా ఉంటాయి, మేనమామ, మేనకోడళ్ళకు నాలుగవ వంతు. మా పటంలో ఒక జంట గీత కింద రేచీకటితో మొదలై చూపు పోగొట్టుకున్న అన్నాచెల్లెళ్ళు ఉన్నారు. ఆ ఇంటివారు మళ్ళీ మేనరికం ఆలోచిస్తున్నారు. జన్యు సలహా తీసుకోకుండా ముందుకు వెళ్ళవద్దని మాత్రం చెప్పి వచ్చాను.

ఆపరేషన్ల గురించి కూడా అడగండి. మత్తు ఇచ్చాక ఊపిరి తిరిగి అందుకోవడానికి గంటలు పట్టినవారు ఎవరైనా ఉన్నారా? సక్సినైల్‌కోలిన్ అనే మందును విరగ్గొట్టే ఎంజైము కొన్ని కుటుంబాలలో లోపిస్తుంది. ఆర్యవైశ్య సముదాయంలో ఈ లోపం ఇతరుల కంటే ఎక్కువని వైద్య పరిశోధనలు నమోదు చేశాయి. ముందుగా తెలిస్తే మత్తు వైద్యుడు వేరే మందు వాడతాడు.

ఆ కుర్రవాళ్ళ మాట చెప్పలేదు కదూ. మరునాడు తిరుగు ప్రయాణానికి ముందు ఇద్దరినీ విడిగా తీసుకువెళ్ళి, వారి తల్లి ఎదుటే విషయం చెప్పాను. ఆమె ఏడవలేదు. ఏ పరీక్షలో రాసిమ్మన్నది. పెద్దవాడి చెడు కొలెస్టరాల్ 214 ఉన్నది. ఎకో మామూలుగా ఉన్నది. మందు మొదలుపెట్టాడు. చిన్నవాడు పరీక్షలున్నాయి, ప్రాజెక్టు ఉన్నది అంటూ వాయిదా వేస్తున్నాడు. ప్రతి ఆదివారం ఫోన్ చేస్తున్నాను.

పుస్తకంలో ఇంకా పదకొండు గడులు ఖాళీగా ఉన్నాయి. వాటి సంగతి తెలిసినవారు ఇప్పుడు ఇద్దరే. ఒకరు కావలిలో, ఒకరు గూడూరులో ఉంటారు. గూడూరు పెద్దావిడకు 91 ఏళ్ళు. ఎల్లుండి ఉదయం బండికి టిక్కెట్టు తీసుకున్నాను, మా కోడలికి కూడా.