ఆ ఒక్క అక్షరం వెనుక ఒక ఊరు



క్లాసులో పూర్తి పేరు చెప్పమంటే చాలామంది పిల్లలు తమ పేరు చెప్పి, పక్కన ఒక ఇంగ్లీషు అక్షరం తగిలిస్తారు. "ఆ అక్షరం ఏంటి?" అంటే "ఇనీషియల్, మేడమ్" అంటారు. అది ఇంటిపేరని కొందరికి తెలుసు. ఆ ఇంటిపేరు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పగలిగేవాళ్ళు ఇద్దరో ముగ్గురో.

మన ఇంటిపేర్లలో చాలావరకు ఊళ్ళ పేర్లే. కందుకూరు నుంచి కందుకూరి, టంగుటూరు నుంచి టంగుటూరి. ఊరు "ఊరి" అయినట్టే ఇక్కడా చివర కొమ్ము పోయి గుడి వచ్చింది. ఇంగ్లీషులో "ఆఫ్" చేసే పని మన భాషలో ఆ చిన్న గుడి చేస్తుంది. వీరేశలింగం గారు 1848లో పుట్టింది రాజమండ్రిలో, పేరులో ఉన్నది కందుకూరు. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1888లో పుట్టింది తిరుత్తణిలో. అయినా నెల్లూరు జిల్లాలోని సర్వేపల్లి ఆయన వెంట రాష్ట్రపతి భవన్ దాకా వెళ్ళింది. ఊళ్ళోనే ఉంటే అందరిదీ అదే ఊరు. వదిలి వెళ్ళినవాళ్ళకే ఊరు ఇంటిపేరవుతుంది.

మన వైపు ఊళ్ళలో ఇంటిపేరు బదులు కులవృత్తి పేరు పెట్టి పిలవడం, రికార్డుల్లోనూ అదే ఎక్కడం మామూలు. చాకలి ఐలమ్మ పేరు అందరికీ తెలుసు. ఆమె ఇంటిపేరు చిట్యాల అని ఎంతమందికి తెలుసు?

స్పెయిన్‌లో ఫెర్నాండెజ్ అంటే ఫెర్నాండో కొడుకు అని అర్థం. అక్కడ పిల్లల పేరులో నాన్న ఇంటిపేరు, అమ్మ ఇంటిపేరు రెండూ ఉంటాయి. పెళ్ళయినా ఆడవాళ్ళు తమ ఇంటిపేరు మార్చుకోరు. మన దగ్గర అమ్మ పుట్టింటి పేరు పిల్లల కాగితాల్లో ఎక్కడా కనిపించదు.

ఇదంతా చరిత్ర కోసమే కాదు. గాంధారి చుట్టుపక్కల గల్ఫ్‌కు మనిషి వెళ్ళని వాడ అరుదు. 2022 నవంబరులో యూఏఈ, పాస్‌పోర్టులో ఇంటిపేరు లేకుండా ఒకే పేరు ఉన్నవాళ్ళను విజిట్, టూరిస్టు వీసాలపై రానివ్వమని ప్రకటించింది. ఆధార్‌లో ఒక అక్షరం, అడ్మిషన్ రిజిస్టరులో పూర్తి ఇంటిపేరు, టెన్త్ మెమోలో మరో స్పెల్లింగు ఉంటే రేపు ఇబ్బంది పడేది పిల్లలే.

అందుకే రెండు పనులు చేయండి. జనన ధ్రువపత్రం, ఆధార్, స్కూలు రికార్డు పక్కపక్కన పెట్టి ఇంటిపేరు స్పెల్లింగు సరిచూడండి. తేడా ఉంటే టెన్త్ దాకా ఆగకుండా ఇప్పుడే ఆఫీసులో చెప్పండి. రెండోది, ఈ ఆదివారం పిల్లలను తాతయ్య, నానమ్మల దగ్గర కూర్చోబెట్టి మీ ఇంటిపేరు కథ అడగనివ్వండి. అమ్మమ్మకు ఫోన్ చేసి అమ్మ ఇంటిపేరు సంగతీ అడగమనండి. సోమవారం క్లాసులో ఆ కథ ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాయిస్తాను.