మూత వేస్తే పడుకుందనుకున్నా

మా ఇంట్లో లాప్‌టాప్ కిందికి దిగొచ్చిన ఆస్తి. అబ్బాయి ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు కొన్నాం. వాడికి ఉద్యోగమొచ్చి కొత్తది తీసుకున్నాక ఇది నా చేతికొచ్చింది. ఈ కబుర్లన్నీ దాని మీదే రాస్తున్నా. మూత తీస్తే లేస్తుంది, మూత వేస్తే పడుకుంటుంది. పోయిన నెల దాకా అంతకు మించి దానితో నాకు పేచీ లేదు.

పోయిన నెల మా అమ్మాయి పాపనెత్తుకుని కోదాడ నుంచి సూర్యాపేట వచ్చింది. పాప పుట్టాక ఉద్యోగం మానేసి రెండేళ్ళు. ఇంటి నుంచే చేసుకునే పనికి ఒక కంపెనీ వాళ్ళు ఆన్‌లైన్ పరీక్ష పెట్టారు. అత్తగారిల్లు వచ్చేపోయే జనంతో నిండుగా ఉంటుంది, ఇక్కడైతే పాపను నేను పట్టుకుంటానని వచ్చింది. "ఈ ఒక్కసారి చూస్తానమ్మా, రాకపోతే ఇంక అడగను" అంది. ఎవర్ని అడగదో చెప్పలేదు. నేనూ అడగలేదు.

పరీక్ష పదకొండింటికి. మొదలైన పావుగంటకి మా వీధిలో తీగల మీది కొమ్మలు కొట్టడానికి కరెంటు తీశారు. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, ఇన్వర్టర్ ఉంది కదా. నేను నిశ్చింతగా పాపకు పెరుగన్నం కలుపుతున్నా. కాసేపటికి గదిలోంచి "అమ్మా!" అని ఒక్క కేక. అది కాగితం మీద లెక్క వేసుకుంటూ కీబోర్డు ముట్టుకోలేదు, తెర నల్లబడిపోయింది. తట్టి లేపితే పాస్‌వర్డ్ అడిగింది. అది కొట్టేసరికి వైఫై లేదు. ఫోన్ నుంచి నెట్ ఇచ్చేసరికి పరీక్ష పేజీ దీన్ని బయటికి నెట్టేసింది.

ఏడవలేదు. వచ్చి పాప మూతి తుడిచి నా పక్కన కూర్చుంది. సాయంత్రం అల్లుడు ఫోన్‌లో "పోనీలే, ఇప్పుడంత అవసరమేముంది" అన్నాడు. మంచివాడే, ఓదార్పుకే అన్నాడు. కానీ నేను బీఈడీ సీటు వదులుకున్నప్పుడు కూడా మా ఇంట్లో అందరూ మంచివాళ్ళే. వాళ్ళూ ఇదే మాట అన్నారు.

ఆ రాత్రే దాన్ని కూర్చోబెట్టి, జరిగింది జరిగినట్టు కంపెనీకి మెయిల్ రాయించా. పది రోజుల తర్వాత ఇంకోసారి రాయొచ్చని జవాబొచ్చింది. లాప్‌టాప్ పట్టుకుని ఒక షాపుకెళ్తే, కుర్రాడు మూత కూడా తీయకుండా "పాతదైపోయింది ఆంటీ, కొత్తది తీస్కోండి" అన్నాడు. కొత్తది కొనే స్థితి అయితే ఆ షాపు మెట్లెందుకెక్కుతా?

మర్నాడు నాయినను చూడ్డానికి మిర్యాలగూడ వెళ్ళాల్సి వచ్చింది. అక్కడ తీరిగ్గా చూద్దామని నిండా ఛార్జింగ్ పెట్టి, మూత వేసి బ్యాగులో పెట్టుకున్నా. దిగి చూస్తే బ్యాగు ఇస్త్రీపెట్టెలా కాలుతోంది. తీస్తే చుక్క ఛార్జింగ్ లేదు.

నాయిన ముప్పయ్యేళ్ళు రైస్ మిల్లులో మోటార్లు చూసిన మనిషి. కంప్యూటర్ ముట్టుకుని ఎరుగడు. మంచం మీద కూర్చుని అంతా విని, "మోటర్ ఆగితే మోటర్‌నే తిడ్తరు అందరు. ముందుగాల కరెంటు సూడు బిడ్డా. ఆనక స్టార్టర్ సూడు. మోటర్‌ను ఆఖరుకు ఇప్పాలె" అన్నాడు. తర్వాత నవ్వుతూ, "పక్కన దామరచర్లల నాలుగు వేల మెగావాట్ల ప్లాంటు వెట్టిన్రు, నీ డబ్బకు నాలుగు గంటలు కరెంటు నిలువకపాయె" అని ఒక చురక.

ఇంటికొచ్చి ఆయన చెప్పిన వరసలోనే చూశాం. కరెంటు సంగతి తేలిగ్గానే తేలింది. మా ఇన్వర్టర్ లైన్ లైట్లకీ ఫ్యాన్లకే ఇచ్చారు, ప్లగ్గులకి లేదు. లాప్‌టాపూ, హాల్లో వైఫై డబ్బా, రెండూ ఉత్త ప్లగ్గుల్లోనే ఉన్నాయి. ఇన్నేళ్ళు ఆ ఇంట్లో ఉండి నేను గమనించలేదు. ఎలక్ట్రీషియన్ వచ్చి రెండు ప్లగ్గులు ఇన్వర్టర్ లైన్‌లో కలిపాడు. మా అడాప్టర్ 65 వాట్లు, ఒక సీలింగ్ ఫ్యాన్ తినేపాటిది, భయమేం లేదన్నాడు.

స్టార్టర్ అంటే సెట్టింగ్సే కదా. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో పవర్ అండ్ స్లీప్. కొత్త వాటిల్లో పవర్ అండ్ బ్యాటరీ అని ఉంటుంది. అక్కడ తెలిసిందేంటంటే, ఒకే యంత్రానికి రెండు చట్టాలు. ప్లగ్గులో ఉన్నప్పుడు ఒకటి, బ్యాటరీ మీద ఉన్నప్పుడు ఇంకొకటి. మాది ప్లగ్గులో ఉంటే అరగంట ఊరుకుంటుంది, బ్యాటరీ మీదైతే పది నిమిషాలు ముట్టుకోకపోతే పడుకుంటుంది. నేనెప్పుడూ ప్లగ్గు తీయలేదు కాబట్టి రెండో చట్టం నాకు కనబడనే లేదు. పరీక్ష రోజు వరకు రెండింటికీ "ఎప్పటికీ వద్దు" అని పెట్టాం.

బ్యాగు వేడి సంగతి వేరే చోట దొరికింది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కెళ్తే, మూత వేస్తే ఏం చేయాలో మనమే చెప్పొచ్చు. స్లీప్ అంటే పొయ్యి సిమ్‌లో పెట్టి పక్కింటికెళ్ళడం. కొన్ని లాప్‌టాప్‌లు ఆ నిద్రలోనే మధ్యమధ్యలో లేచి అప్‌డేట్లూ అవీ చూసుకుంటాయి, గాలాడని బ్యాగులో ఉడికిపోతాయి. హైబర్నేట్ అంటే వండింది గిన్నెల్లోకి సర్ది పొయ్యి ఆర్పేయడం. లేవడానికి కొంచెం ఆలస్యమవుతుంది గానీ ఛార్జింగ్ తినదు, తెరిచిన పనులన్నీ అలాగే ఉంటాయి. బ్యాటరీ మీద మూత వేస్తే హైబర్నేట్ అని పెట్టేశాం.

ఆఖరికి మోటార్. కమాండ్ ప్రాంప్ట్ అనే నల్ల కిటికీ తెరిచి, ఇంగ్లీషులో పవర్‌సీఎఫ్‌జీ, ఖాళీ, స్లాష్, బ్యాటరీరిపోర్ట్ అని కలిపి కొడితే ఒక రిపోర్ట్ తయారు చేసి, ఎక్కడ దాచిందో కూడా చెప్తుంది. అందులో రెండు అంకెలు చూడాలి. డిజైన్ కెపాసిటీ, అంటే కొన్న రోజు బలం, మాది 41 వేలు. ఫుల్ ఛార్జ్ కెపాసిటీ, అంటే ఇవాళ్టి బలం, 16 వేలు. నూరు శాతం అని మూలన చూపించేది ఈ పదహారు వేలలో నూరు! అన్నాళ్ళూ నేను నిండుకుండ అనుకున్నది చెంబెడు.

తప్పు నాదే. మంచం మీద దుప్పటిపై పెట్టి, అడుగున గాలి రంధ్రాలు మూసేసి, పొద్దస్తమానం ప్లగ్గులో ఉంచేదాన్ని. ఈ లిథియం బ్యాటరీలకి వేడి పడదు, ఎప్పుడూ నూరు దగ్గరే నిలబెట్టినా పడదు. ఎనభై దగ్గర ఆపే సౌకర్యం మా దాంట్లోనే ఉంది, ఎవరూ నొక్కలేదు. కొత్త బ్యాటరీ వేయించాం, వేరే షాపులో. ఒక్క మాట చెప్తా వినండి. టచ్‌ప్యాడ్ పైకి ఉబికినట్టు కనిపిస్తే బ్యాటరీ ఉబ్బిందని అర్థం. ఛార్జింగ్ ఆపేసి వెంటనే చూపించండి, మీరు నొక్కకండి, విప్పకండి.

పరీక్షకు రెండ్రోజుల ముందు పొద్దున నేను మెయిన్ ఆపేశా. మా ఆయన వార్తలు చూస్తున్నారు, అరిచారు. లాప్‌టాప్‌ను ఇన్వర్టర్ ప్లగ్గులోంచి కూడా తీసేసి, అబ్బాయితో వీడియో కాల్ పెట్టించి గడియారం చూస్తూ కూర్చున్నాం. రెండు గంటల పది నిమిషాలు నిలబడింది. ఫోన్ నెట్ కూడా ముందే కలిపి చూసుకున్నాం.

అసలు రోజున కరెంటు పోనే లేదు. నాకు కొంచెం నిరాశగా కూడా అనిపించింది, అబద్ధమెందుకు. అమ్మాయి పూర్తిగా రాసి బయటికొచ్చి, పాపనెత్తుకుని చాలాసేపు వాకిట్లో తిరిగింది. నాలుగు రోజులకి పాసయ్యావని మెయిల్ వచ్చింది. ఇంటర్వ్యూ వచ్చే బుధవారం.

అది కోదాడలోనే ఇస్తానంది. "మా ఇంట్లోనే ఇవ్వాలమ్మా, రేపు చేయాల్సింది కూడా అక్కడే కదా" అంటే నాకు జవాబు లేదు. లాప్‌టాప్ దానికే ఇచ్చి పంపా. ఇదంతా ఫోన్‌లో కొడుతున్నా, అక్షరాలు అటూ ఇటూ అయితే సర్దుకోండి.

నిన్న వియ్యపురాలికి ఫోన్ చేసి, మీ ఇంట్లో ఇన్వర్టర్ ప్లగ్గు ఏ గదిలో ఉందో చూస్తారా అనడిగా. ఆవిడ టేబుల్ ల్యాంపు పట్టుకుని ఇల్లంతా తిరిగి, మెయిన్ ఆపి మరీ చూసి పది నిమిషాల్లో మళ్ళీ చేసింది. "దేవుడి గదిలో ఒక్కటే ఉంది వదినా. పీట తీసి అక్కడ టేబుల్ వేయించనా?"