పదివేల తునికాకుల చక్రాలు



పోస్టు కొంచెం పొడుగ్గా ఉంటది. ఎడమ చేత్తో టైపు చేసింది కాబట్టి తప్పులుంటే సర్దుకుని చదవండి. ఎడమ చెయ్యి ఎందుకో కింద తెలుస్తది.

మేం హైదరాబాద్‌లో హాస్టల్లో ఉంటున్నాం. ఒకే రూములో నలుగురం, డిగ్రీ రెండో సంవత్సరం. ఇద్దరం ములుగు వైపు కోయవాళ్ళం, ఒకడు ఆసిఫాబాద్ వైపు గోండు, ఒకడు మహబూబాబాద్ దగ్గర తండా నుంచి వచ్చిన లంబాడా. బయట ఎవరి మాటలు వాళ్ళవి, రూములో మాత్రం చార్జరు ఒక్కటే, చెంబు ఒక్కటే. ఇంకో సంగతి కూడా ఒక్కటే. నలుగురి ఇళ్ళల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు.

మూడు నెలల కింద ఒక ఆదివారం నెక్లెస్ రోడ్డు మీద పరుగు పందెం పెట్టారు. నీళ్ళ బాటిళ్ళు అందించే పనికి మనుషులు కావాలంటే పోయాం. తలా 300 రూపాయలు, టిఫిన్. పని అయిపోయాక పీపుల్స్ ప్లాజా దగ్గర కూర్చున్నాం. అక్కడ చిన్న పిల్లలు కాళ్ళకి చక్రాల బూట్లు కట్టుకుని హుస్సేన్‌సాగర్ ఒడ్డున జారిపోతున్నారు. పరిగెత్తడం కాదు, నడవడం కాదు. ఒక కాలు పక్కకి నెడితే చాలు, మనిషి ఇరవై అడుగులు ముందుకి పోతున్నాడు. ఆ బూట్లకి నాలుగు చక్రాలూ ఒకే వరసలో ఉన్నాయి. ఇన్‌లైన్ స్కేట్స్ అంటారని ఆ పిల్లలే చెప్పారు.

మేం టిఫిన్ తినడం కూడా మర్చిపోయి చూశాం.

మీలో చాలామంది చిన్నప్పుడు బేరింగుల బండి చేసుకునే ఉంటారు. మెకానిక్ షాపు చుట్టూ తిరిగి పాత బేరింగులు మూడు అడుక్కొచ్చి, చెక్కకి బిగించి, మిట్ట మీద నుంచి పల్లానికి వదిలేవాళ్ళం. బ్రేకు అంటే మన మడిమలే. ఈ స్కేట్స్ లోపల ఉన్నదీ అదే. ఒక్కో చక్రంలో రెండు బేరింగులు, జతకి ఎనిమిది చక్రాలు, మొత్తం 16. మా బండి మిట్ట దిగేదే గానీ ఎక్కేది కాదు. ఇది చదునైన రోడ్డు మీద కూడా పోతది, అంతే తేడా.

తరవాతి ఆదివారం ఎర్రగడ్డ సండే మార్కెట్‌కి పోయాం. పాత సామాన్ల మధ్యలో ఒక జత దొరికింది. సైజు పెంచుకుని తగ్గించుకునే రకం, కాబట్టి నలుగురికీ పడుతుంది. 900 చెప్పాడు, 600కి ఇచ్చాడు.

బస్సులో తిరిగొచ్చేటప్పుడు ఎవరం మాట్లాడలేదు. అందరి బుర్రలో ఒకే లెక్క నడుస్తోంది. అప్పుడు మన దగ్గర తునికాకు కట్టకి 3 రూపాయలు ఇచ్చేవాళ్ళు. కట్టకి 50 ఆకులు. 600 రూపాయలంటే 200 కట్టలు, పదివేల ఆకులు. ఏప్రిల్, మే నెలల్లో చీకటి ఉండగానే అడవికి పోయి, ఒంగి ఒంగి ఆకు కోసి, ఎండెక్కాక మూట నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చి, మధ్యాహ్నమంతా కట్టలు కట్టి, సాయంత్రం కల్లంలో అప్పజెప్పే అమ్మలు గుర్తొచ్చారు. డబ్బు మేం నీళ్ళ బాటిళ్ళు మోసి సంపాదించిందే. అయినా లెక్క ఆకుల్లోనే వచ్చింది. పుస్తకం కొన్నప్పుడు రాని లెక్క ఆట వస్తువు కొంటే వచ్చింది. అందుకే ఆ జతని మంచం కింద ట్రంకు పెట్టె వెనకాల దాచాం. ఇంట్లో ఎవరికీ చెప్పొద్దని నలుగురం ఒట్టు పెట్టుకున్నాం.

ఆ తరవాత ప్రతి ఆదివారం పొద్దున 6 లోపే నెక్లెస్ రోడ్డుకి చేరేవాళ్ళం. రోడ్డుకి పీవీ మార్గ్ అని పేరు మార్చారు గానీ ఆటోవాళ్ళు ఇంకా నెక్లెస్ రోడ్డనే అంటారు. ఒక పక్క ఎంఎంటీఎస్ రైలు పట్టాలు, ఇంకో పక్క నీళ్ళు, నీళ్ళ మధ్యలో రాతి మీద బుద్ధుడు. ఈ చెరువుని ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో, 16వ శతాబ్దంలో తవ్వించారు. మా ములుగు దగ్గరి లక్నవరం, రామప్ప చెరువులు అంతకంటే పాతవి, కాకతీయుల నాటివి. ఆ మాట మేం అక్కడ కలిసిన ప్రతివాడికీ చెప్పేవాళ్ళం. గాలి ఇటు తిరిగితే వాసన వస్తది, అది నిజమే. కానీ పొద్దున్నే ఎండ నీళ్ళ మీద పడినప్పుడు ఆ రోడ్డు మీద జారుకుంటూ పోతే ఎట్లుంటదో చెప్పలేం.

మొదటి రోజు జారింది తక్కువ, పడింది ఎక్కువ. ఎవరు ఎన్నిసార్లు పడ్డారో అడగొద్దు. మమ్మల్ని చూసి తొమ్మిదేళ్ళ పాప ఒకతి ఆగింది. "అన్నా, నిటారుగా నిలబడితే వెనక్కి పడతావ్. మోకాళ్ళు వంచు, ముందుకి వంగు. పడేటట్టుంటే ముందే కూర్చున్నట్టు కిందికి దిగు, మోకాళ్ళ మీద పడు" అన్నది. తను మోకాలికి, మోచేతికి, మణికట్టుకి గట్టి తొడుగులు వేసుకుంది, నెత్తికి హెల్మెట్. మా దగ్గర అవేం లేవు. స్కేట్స్ కొనడానికే అంత ఆలోచించినవాళ్ళం, తొడుగులకి ఇంకో 200 కట్టలు ఎక్కడ పెడతాం అనుకున్నాం. అది మా తప్పు, కిందికి వస్తే అర్థమవుతది.

జత ఒక్కటే కాబట్టి ఒకడు జారుతుంటే ముగ్గురం వెనక పరిగెత్తేవాళ్ళం. రాత్రి రూములో ఫోన్‌లో 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల వీడియో చూశాం. 3000 మీటర్ల స్కేటింగ్ రిలేలో మన దేశం అమ్మాయిలకి ఒక కాంస్యం, అబ్బాయిలకి ఒక కాంస్యం వచ్చాయి. ఒకరి వంతు అయిపోతే తరవాతివాళ్ళని వెనక నుంచి తోసి పంపుతారు. అది చూసి మేమూ రిలే పెట్టుకున్నాం. ఒకరోజు చెరువు చుట్టూ పూర్తిగా తిరగాలి, తలా ఒక వంతు.

ఆ ఆదివారం రానే వచ్చింది. పీపుల్స్ ప్లాజా నుంచి జలవిహార్ దాకా మొదటివాడు. అక్కడ నుంచి సంజీవయ్య పార్కు దాకా రెండోవాడు, కొంత దూరం మూడోవాడు. టాంక్‌బండ్ మీదికి వచ్చేసరికి బండ్లు ఎక్కువైపోయాయి. స్కేట్స్ విప్పి చేతిలో పట్టుకుని నడిచాం. టాంక్‌బండ్ మీద కొమురం భీం విగ్రహం ఉంది, మీరూ చూసే ఉంటారు. మా గోండు తమ్ముడు చెప్పులు విప్పి దండం పెట్టాడు. 1940లో జోడేఘాట్‌లో ఆయన్ని చంపిన కథ వాడికి వాళ్ళ తాత చెప్పాడట, మాకు వాడు చెప్పాడు. జల్, జంగల్, జమీన్ అన్న మనిషి పక్కన చేతిలో చక్రాల బూట్లతో నిలబడి ఫోటో దిగాలంటే మొదట సిగ్గేసింది. తరవాత దిగాం.

నాలుగో వంతు ఎన్టీఆర్ మార్గ్ మీద. 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం కనిపిస్తోంది. ఇంకొంచెం పోతే చుట్టు పూర్తవుతది. రోడ్డు పక్కన చెట్లకి నీళ్ళు పోసి పోయినట్టున్నారు, ఒక చోట తడిగా ఉంది. తడి మీద ఈ చక్రాలు పట్టవు. కాళ్ళు ముందుకి పోయాయి, మనిషి వెనక్కి పోయాడు, కుడి చెయ్యి నేలకి ఆనింది. చప్పుడు మాకు కూడా వినిపించింది.

సర్కారు దవాఖానలో ఎక్స్‌రే తీశారు. మణికట్టు ఎముక చిట్లింది, ఆరు వారాలు కట్టు. "చెయ్యి చాచి పడితే బరువంతా మణికట్టు మీదే పడుతుంది, తొడుగు ఉంటే ఇంత కాకపోవు" అన్నాడు డాక్టరు. హాస్టల్‌కి వచ్చాక ఒక పెద్దమనిషి మా ముందే అన్నాడు, "చదువుకోమని పంపిస్తే చక్రాలెక్కి తిరుగుతున్నారా?" మేం ఏం అనలేదు. ఎందుకంటే ఆ మాట మూడు నెలలుగా మాలో మేమే అనుకుంటున్నాం. ఇంటర్నల్స్ వారంలో ఉన్నాయి. రాసే చెయ్యే పోయింది. దరఖాస్తు పెడితే మళ్ళీ రాయనిస్తామన్నారు. నోట్సు మిగతా ముగ్గురం పంచుకుని రాశాం.

ఇంటికి మాత్రం చెప్పలేదు. వీడియో కాల్ వస్తే మొహం ఒక్కటే కనిపించేలా ఫోన్ పట్టుకున్నాం. అట్లా పన్నెండు రోజులు గడిచాయి. పదమూడో రోజు మా లంబాడా తమ్ముడు "తొందరగా కోలుకో" అని కట్టు ఫోటో స్టేటస్ పెట్టాడు. ఊళ్ళో ఆటో నడిపే అన్న అది చూశాడు. సాయంత్రానికి అమ్మ ఫోన్.

తిట్లు తినడానికి నలుగురం స్పీకర్ చుట్టూ కూర్చున్నాం.

"చింతచెట్టు మీదికెళ్ళి పడ్డనాడు గూడెమంతా వినబడేటట్టు ఒర్రితివి గదరా. చక్రాల మీదికెళ్ళి పడితే ఎందుకు దాచితివి?"

జవాబు లేదు.

"ఎంత పెట్టి కొన్నరు?"

"600."

అమ్మ బడికి పోలేదు. కానీ రెండు సెకన్లు కూడా పట్టలేదు. "200 కట్టలు" అన్నది. మా నలుగురికీ గొంతులో ముద్ద అడ్డం పడ్డట్టయింది. తరవాత తనే అడిగింది, "ఎంతమంది ఎక్కిన్రు?"

"నలుగురం."

"అయితే మనిషికి 50 కట్టలే గదా. ఒక్క పూట ఆకు. దానికింత దాసుడెందుకు? మీరు ఎడ్చుకుంట చదువుతరని నేను ఆకు కోస్తున్ననా?"

మేం మూడు నెలలు గుణకారమే చేశాం. భాగహారం మాకు తోచలేదు. డిగ్రీలో ఒకడిది మ్యాథ్స్ కూడాను.

ఇది గ్రూపులో ఎందుకు పెడుతున్నామంటే, మొన్న ఒక చెల్లె ఇక్కడే రాసింది, సినిమాకి పోయినందుకు రెండు రోజులు నిద్ర పట్టలేదని. ఇంకో తమ్ముడు క్రికెట్ బ్యాటు కొని తిరిగి అమ్మేశాడట. మనందరికీ ఈ రోగం ఉంది. నవ్వితే ఇంటి కష్టం మర్చిపోయినట్టు, ఆడితే అమ్మ చెమట తొక్కినట్టు అనిపిస్తది. మేం చెప్పేది డబ్బులు దుబారా చెయ్యమని కాదు. ఇంట్లో చెప్పండి. వాళ్ళని అడగకుండానే వాళ్ళ తరపున మనల్ని మనం తిట్టుకోవద్దు. మేం దాచిందే వాళ్ళకి నొప్పయింది, ఆడింది కాదు.

ఎవరికైనా స్కేట్స్ మీద మనసుంటే మా అనుభవం మీద నాలుగు మాటలు. పాత జత కొనేటప్పుడు ప్రతి చక్రాన్నీ వేలితో తిప్పి చూడండి, గరగర అంటే బేరింగు పోయినట్టు. చాలా స్కేట్స్‌కి 608 నంబరు బేరింగే పడుతుంది, హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. చక్రాలు లోపలి అంచు వైపు ఎక్కువ అరుగుతాయి, అప్పుడప్పుడు విప్పి అటువి ఇటు మార్చుకోవాలి. మొదటి రోజు ముందుకి పోవడం కాదు, మడమ బ్రేకుతో ఆగడం, మోకాళ్ళ మీద పడడం నేర్చుకోండి. తడి, ఇసుక, ఎండుటాకులు కనిపిస్తే దిగి నడవండి, సిగ్గేం లేదు. మణికట్టు తొడుగులు, హెల్మెట్ లేకుండా ఎక్కొద్దు. మేం ఈసారి వాటికి కూడా తలా కొంత వేసుకుంటున్నాం, ఇంట్లో చెప్పే.

కట్టు విప్పడానికి ఇంకో మూడు వారాలుంది. చెరువు చుట్టు ఇంకా పూర్తి కాలేదు, నాలుగో వంతులో కొంచెం మిగిలింది. అది పడిన చోట నుంచే మొదలుపెట్టాలని నలుగురం అనుకున్నాం.

ఫోన్ పెట్టేసే ముందు అమ్మ ఇంకో మాట అన్నది. "పండుగకి వచ్చేటప్పుడు ఆ బూట్లు తీసుకరా. ఎట్ల జారుతరో మేం గూడ చూస్తం." మా గూడేనికి ఇంకా తారు రోడ్డు పడలేదు. ఊరి నడుమ 200 మీటర్ల సీసీ రోడ్డు ఒకటుంది, వడ్లు ఆరబోసుకునేది. ఆ రోజుకి వడ్లు ఎత్తేయమని చెప్పాం.