తాలింఖానాలో మేం

ఫజర్ నమాజు చదువుకుని, మసీదు మెట్లు దిగి నేరుగా జిమ్ముకి పోతాం మేం నలుగురం. నెల్లూరు నుంచి మైపాడు సముద్రానికి పోయే దారిలో ఉంటుంది మా ఊరు. పైన రేకులు, కింద సిమెంటు నేల, గోడకి రెండు పగిలిన అద్దాలు. ఉప్పుగాలికి ఇనుప ప్లేట్లు తుప్పు పడుతుంటాయి. నూనె గుడ్డతో వాటిని తుడిచే పని వంతులవారీగా అందరిదీ. బోర్డు మీద జిమ్ అని ఉన్నా మా ఇళ్లల్లో పెద్దవాళ్లు దీన్ని ఇప్పటికీ తాలింఖానా అనే అంటారు.

తాలీమ్ అంటే నేర్పడం. ఖానా అంటే ఇల్లు. నేర్పేవాడు ఉస్తాద్. తెలుగు నోట్లో పడి ఆ ఉస్తాదే వస్తాదయ్యాడు. పహిల్వాన్, కుస్తీ పారశీకం నుంచి వచ్చిన మాటలు. దండీలు ఈ నేల మాట. ఇక్కడి మల్లయుద్ధమూ అక్కడి కుస్తీ మొగలాయిల కాలంలో ఒకే మట్టిలో కలిసిపోయాయి. ఏ పిల్లోడైనా పొగరుగా నడిస్తే 'పెద్ద వస్తాదు బయల్దేరాడు' అంటారు మన తెలుగువాళ్లు. అది తురకల మాటని అనేవాళ్లకి గుర్తు కూడా ఉండదు. అలా గుర్తు లేకపోవడం మాకు సంతోషమే. కానీ మాటని ఇంత సొంతం చేసుకున్నవాళ్లు, దాంతో పాటు వచ్చిన మనుషుల్ని మాత్రం మీరెక్కడివాళ్లని ఇంకా అడుగుతూనే ఉన్నారు.

పీర్ల పండక్కి తాలింఖానా కుర్రాళ్లు ఊరంతా తిరిగి కర్రసాము చేసేవాళ్లని, పీర్లెత్తే వాళ్లలో హిందువులూ ఉండేవాళ్లని మా దాదాలు చెప్పేవాళ్లు. వాళ్ల కథల్లో ఇద్దరు పహిల్వాన్లు ఎప్పుడూ జంటగా వచ్చేవాళ్లు. ఒకరు వీరఘట్టం కోడి రామమూర్తి నాయుడు, ఇంకొకరు అమృతసర్ గామా. గామా 1910లో లండన్ పోయి పోలండు మల్లుడు జిబిస్కోతో తలపడ్డాడు. 1947లో లాహోరులో తన వీధిలోని హిందువులకి కాపలాగా నిలబడ్డాడని కూడా చెబుతారు. మా దాదాల లెక్కలో ఆ రెండోదే పెద్ద కుస్తీ.

ఇక మాతో రోజూ వచ్చేవాళ్ల సంగతి. మాకంటే ముందే వచ్చి కూచునేవాడు పట్టపుకాపుల మామ. యాభై దాటాయి. అలివి వల లాగీ లాగీ రాయి అయిన భుజాలు. నీకు జిమ్ము ఎందుకు మామా అంటే, 'వలలో చేపలు తగ్గిపోయినాయి సాయిబా, ఒళ్లు ఊరుకోదు గదా' అంటాడు. ఆ తర్వాత రిటైరైన అయ్యవారు. బీపీ తగ్గాలని డాక్టరు చెప్పాడట. రెండు కిలోల డంబెల్స్ పట్టుకుని గంటసేపు రాజకీయాలు మాట్లాడతారు. రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా ముగించుకుని వచ్చేవాడు దూదేకుల కుర్రాడు. వాళ్ల నాయన తొలి రొయ్యల జోరులో ఉన్న ఎకరంన్నర గుంట తవ్వించి, 1994లో తెల్లమచ్చ తెగులొస్తే అప్పుల్లో మునిగిపోయాడు. ఇప్పుడు కొడుకు వేరేవాళ్ల గుంటలకి కాపలా. వీడు బెంచి మీద పడుకుంటే వ్యాయామం చేస్తున్నాడో నిద్రపోతున్నాడో తెలియదు.

రెడ్ల అబ్బాయి బుల్లెట్ మీద వస్తాడు. వాడూ మేమూ ఎనిమిదేళ్లుగా ఒకే బెంచి. బెంచి మీద వెల్లకిలా పడుకుని ఎనభై కిలోలు ఎత్తాలంటే, రాడ్డు ఇరవై పోను అటు ముప్పై ఇటు ముప్పై. చేతులు వణికితే అది నేరుగా మెడ మీదకే వస్తుంది. అందుకని తల దగ్గర ఒకడు నిలబడాలి. మా తల దగ్గర వాడు, వాడి తల దగ్గర మేం. గుమ్మం పక్కన ఆంజనేయస్వామి పటం ఉంది. వాడు దానికి దండం పెట్టుకుని రాడ్డు పడతాడు, మేం బిస్మిల్లా అనుకుని పడతాం. రంజాన్ నెలలో మేం తరావీ నమాజు అయ్యాక రాత్రిపూట వచ్చేవాళ్లం. తాళం తీసి మాతోపాటు కూచునేవాడు వాడే.

కొన్నేళ్ల కిందట ఒకరోజు పొద్దున్నే మఫ్టీలో ఇద్దరు వచ్చారు. చెప్పులతోనే లోపలికి వచ్చి అద్దాలూ ప్లేట్లూ చూశారు. మీవాళ్లు ఎంతమంది వస్తారు, ఎవరు నేర్పుతారు, నేర్చుకుని ఏం చేస్తారు అని మమ్మల్ని అడిగారు. అయ్యవారిని అడగలేదు. రెడ్ల అబ్బాయిని అడగలేదు. అందరి చేతుల్లో ఉన్నది ఒకటే ఇనుము. మేం ఎత్తితే మాత్రం అది ట్రైనింగు. మా పేర్లు, మా నాయనల పేర్లు కాగితం మీద రాసుకున్నారు. 1992 డిసెంబరు 6 తర్వాత చాలా రోజులు నలుగురు కలిసి నడవొద్దని అమ్మలు ఎందుకు చెప్పేవాళ్లో మాకు ఆ పొద్దున అర్థమైంది. 2007లో మక్కా మసీదులో బాంబు పేలాక పోలీసులు పట్టుకుపోయిన హైదరాబాదు కుర్రాళ్లు గుర్తొచ్చారు. కోర్టులో నిర్దోషులుగా బయటపడ్డా పోయిన రోజులు వాళ్లకి తిరిగి రాలేదు.

ఆ పది నిమిషాల్లో నోరు తెరిచింది మామ ఒక్కడే. 'బరువులెత్తేదానికి గాక ఇంకెందుకొస్తారు సామీ' అన్నాడు. రాజకీయాలన్నీ మాట్లాడే అయ్యవారు డంబెల్స్ కింద పెట్టి కిటికీలోంచి బయటికి చూశారు. ఎనిమిదేళ్లు మా మెడ కాచినవాడు నేల చూశాడు. వచ్చినవాళ్లు అడిగిన ప్రశ్నల కంటే వాడి చూపు మమ్మల్ని ఎక్కువ కోసింది. మర్నాడు వాడు ఎప్పటిలాగే వచ్చి మా తల దగ్గర నిలబడ్డాడు. ఏమీ అనలేదు. మేమూ అడగలేదు. ఆ రోజు మాత్రం మేం అరవై కిలోలతోనే ఆపేశాం.

మొహర్రంలో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువు నీళ్లలో రొట్టెలు మార్చుకుంటారు. ఆరోగ్య రొట్టె, చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, సంతాన రొట్టె. కోరిక తీరినవాళ్లు మరుసటేడు వచ్చి ఇంకొకరికి రొట్టె ఇవ్వాలి. రొట్టె పుచ్చుకునేవాళ్లు ఇచ్చేవాళ్ల కులం అడగరు, మతం అడగరు. మా ఊరి నుంచి అందరూ పోతారు. లౌకికవాదులైన మిత్రులు మాకు తరచూ ఆ చెరువునే చూపిస్తారు, చూడండి ఎంత సామరస్యమో అని. నిజమే, మాకూ అది గర్వమే. కానీ ఆ పండగ కొద్ది రోజులదే. మిగిలిన రోజుల్లో మా పేర్లు కాగితం మీద రాసుకునేటప్పుడు పక్కన నిలబడి ఒక్క మాట అనే మనిషి మాకు కావాలి.

ఇలా రాస్తూ ఉంటే మా తప్పూ గుర్తొచ్చింది. దాన్ని దాచుకుంటే ఈ రాతకి విలువ లేదు. దూదేకుల కుర్రాడికి ఉర్దూ రాదని నవ్వింది మేమే. నువ్వు సగం సాయిబువేరా అన్నదీ మేమే. వాళ్లు బీసీ-బిలో ఉంటే, 2007లో బీసీ-ఇ వచ్చాక అందులో మాలో కొందరున్నారు. కాగితాల మీద కూడా పక్కపక్కనే ఉన్నాం. వాడి పేరు కూడా ఆ రోజు రాసుకున్నారు, సగం అని వదిలిపెట్టలేదు.

ఇంకొకడున్నాడు. జిమ్ము ఊడ్చే యానాది పిల్లోడు. పదిహేడేళ్లు. మేమందరం వెళ్లిపోయాక తలుపు దగ్గరగా వేసుకుని ఒక్కడే రాడ్డు ఎత్తుతాడు. మరిచిపోయిన టవల్ కోసం వెనక్కొచ్చి ఒకరోజు చూశాం. నలభై కిలోలు. తల దగ్గర ఎవరూ లేరు. ఊళ్లో ఏ దొంగతనం జరిగినా మొదట వాడి పాలెంలోనే వెతుకుతారని మాకు తెలుసు. ఆ వెతికేటప్పుడు ఏనాడూ మేం ఒక్క మాటా అనలేదు. మేమూ నేలే చూశాం.

మేం పోయి వాడి తల దగ్గర నిలబడ్డాం. వాడు బెదిరిపోయి రాడ్డు స్టాండు మీద పెట్టేసి లేచి కూచున్నాడు.

'రేపట్నుంచి ఎత్తనులే అన్నా' అన్నాడు.

'పడుకోరా. ఇంకా నాలుగు ఎత్తాలి, మేం పట్టుకుంటాం' అన్నాం.

వాడు మా ముఖాలు చాలాసేపు చూసి, అప్పుడు పడుకున్నాడు.