తీసిపారేయలేని కరివేపాకు

అప్పుడే గుడ్డు పగిలి బయటికొచ్చిన కోడిపిల్లల్ని అట్టపెట్టెలో పెట్టి ఇస్తే అమెరికా తపాలా శాఖ 1918 నుంచీ మోసుకెళ్తోంది. తేనెటీగలకూ అడ్డు లేదు. వైద్య పరిశోధన కోసమని చెప్తే, తగిన కట్టుదిట్టాలతో తేళ్లను కూడా తీసుకుంటుంది. అదే తపాలాలో, హ్యూస్టన్లో ఉన్న పిన్ని తన పెరట్లోని కరివేపాకు పిలకను తడిగుడ్డలో చుట్టి ఫ్రెస్నోలో ఉన్న అక్క కూతురికి పంపకూడదు. తేలుకు లేని అడ్డు కరివేపాకుకు ఎందుకని మనవాళ్లు నవ్వుకోవడం సహజమే. పంపకూడని వస్తువులంటే తూటాలు, పెట్రోలు, సారా గుర్తొస్తాయి గానీ పోపులో వేసుకునే ఆకు ఎవరికి గుర్తొస్తుంది? కానీ ఆ జాబితాలో మన ఇళ్లకు బాగా దగ్గరైనది ఈ నిషేధమే. మనం బొత్తిగా ఖాతరు చెయ్యనిదీ ఇదే. ఇది చాదస్తపు రూలు కాదనీ, దీన్ని నిలబెట్టాల్సిన భారం తనిఖీ అధికారుల కంటే పంపేవాళ్ల మీదే ఎక్కువనీ నా వాదన.

కరివేపాకు నిమ్మ, నారింజల కుటుంబంలోని మొక్క. సిట్రస్ సిల్లా అనే పురుగుకు ఇదంటే మహా ఇష్టం. బియ్యపు గింజలో సగం ఉంటుందేమో, ఆకు మీద తల వంచి, వెనకభాగం పైకెత్తి ఏటవాలుగా కూర్చుంటుంది. విచ్చీ విచ్చని చిగుళ్ల మడతల్లో పసుపుపచ్చ గుడ్లు పెడుతుంది. మనం ఏరి కోసుకునేవీ ఆ లేత రెబ్బలే. ఈ పురుగు మోసుకొచ్చే గ్రీనింగ్ తెగులు కరివేపాకును ఏమీ చెయ్యదు. అందుకే మొక్క నిగనిగలాడుతూ కనిపిస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. నారింజ చెట్టుకు పడితే మాత్రం కాయ ఒక పక్కకు వంకరపోతుంది, అడుగున పచ్చగానే ఉండిపోతుంది, రసం చేదెక్కుతుంది. కొన్నేళ్లకు చెట్టే పోతుంది. నయం చేసే మందు లేదు. అనంతపురం చీనీ రైతుకూ, నల్గొండ బత్తాయి రైతుకూ ఇది తెలియని తెగులేమీ కాదు. ఫ్లోరిడాలో పురుగు 1998లో, తెగులు 2005లో బయటపడ్డాయి. 2003-04లో దాదాపు 24 కోట్ల పెట్టెల నారింజ పండించిన ఆ రాష్ట్రం 2024-25 నాటికి కోటీ ఇరవై లక్షల పెట్టెల దగ్గరికి పడిపోయింది. తుపాన్లూ, తోటల్లో లేచిన ఇళ్లూ ఆ నష్టంలో తమ వంతు తాము చేశాయి. పెద్ద దెబ్బ మాత్రం తెగులుదే.

ఒక్క రెబ్బతో ఇంత జరుగుతుందా అంటారు. 2009లో ఫ్రెస్నోలోని ఒక పార్శిల్ డిపోలో తనిఖీ కుక్క పసిగట్టిన పొట్లంలో ఉన్నది ఇండియా నుంచి వచ్చిన కరివేపాకే. అందులోని పురుగుల్లో ఈ తెగులు సూక్ష్మజీవి ఉన్నట్టు తేలింది. కాలిఫోర్నియాలో తెగులు మొదట, 2012లో, బయటపడింది కూడా తోటలో కాదు, లాస్ ఏంజెలిస్ దగ్గర ఒక ఇంటి పెరటి చెట్టులో. మరి ఇండియన్ షాపులో అదే ఆకు కట్టలు కట్టి అమ్ముతున్నారుగా అనేది ఇంకో మాట. ఈ పురుగో, తెగులో ఉందని క్వారంటీన్ విధించిన ప్రాంతాల నుంచి అమ్మకానికి వెళ్లే ఆకుకు పొగబెట్టడమో, రేడియేషన్ పట్టించడమో ఉంటుంది. మన సింకులో కడిగితే ఆ పని జరగదు. న్యూజెర్సీలో నారింజ తోటలే లేవు, అక్కడికి పంపితే ఎవరికి నష్టం అనే ప్రశ్నకు కొంత బలం ఉంది. అయితే మనవాళ్లు ఉద్యోగం మారితే కుండీలను కూడా కారెక్కించి వెళ్తారు. ఇవాళ ఎడిసన్లో ఉన్న మొక్క ఏడాది తిరిగేసరికి శాన్ హోజేలో ఉండొచ్చు. పురుగు ఎలాగూ కాలిఫోర్నియా చేరింది, ఇంకా ఎందుకీ జాగ్రత్త అంటారా? పురుగు చేరడం వేరు, తెగులు చేరడం వేరు. అక్కడ తెగులు దొరికిన చెట్లు ఎక్కువగా దక్షిణాది ఊళ్ల పెరళ్లలోవే. రాష్ట్రపు సిట్రస్ తోటల్లో అధికభాగం ఉన్నది ఉత్తరంగా, సెంట్రల్ వ్యాలీలో.

విదేశాల నుంచి వచ్చే సంచిని విమానాశ్రయంలో విప్పించి చూస్తారు. దేశం లోపల తిరిగే సీలు వేసిన ఉత్తరాన్నీ, పొట్లాన్నీ వారంట్ లేకుండా తెరవకూడదని అమెరికా సుప్రీంకోర్టు 1878లోనే చెప్పింది. ఆ హక్కు మంచిదే, పోగొట్టుకోకూడనిదే. కాకపోతే దానివల్ల ఈ నిషేధం ముప్పాతిక వంతు పంపేవాళ్ల నోటిమాట మీదే నడుస్తోంది. తపాలా శాఖ తప్పు కూడా ఇక్కడే కనిపిస్తుంది. పగిలేవి, ద్రవాలు, పాడైపోయేవి, ప్రమాదకరమైనవి, లిథియం బ్యాటరీలు, సెంట్లు ఏమైనా ఉన్నాయా అని కౌంటర్లో గుమాస్తా గడగడా అడుగుతాడు. అందులో మొక్కల ఊసే లేదు. తడిగుడ్డలోని పిలక పాడైపోయేదో కాదో తేల్చుకునేలోపే ‘నో’ అనేస్తాం. ఆ వరసలో ఒక్క మాట చేరిస్తే అబద్ధమాడుతున్నామన్న స్పృహైనా కలుగుతుంది. అంతవరకూ, మొక్కలు మార్చుకునే మన వాట్సాప్ గ్రూపులే ఆ ప్రశ్న అడగొచ్చు. ఏ కౌంటీ క్వారంటీన్లో ఉందో చూపించే వ్యవసాయ శాఖ మ్యాపు ఫోన్లోనే దొరుకుతుంది. పోస్టు ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న బేరానికి పట్టేపాటి సమయం కూడా దానికి పట్టదు.