పలకల ఊళ్లో కళకు ఇల్లు

మార్కాపురం లక్ష్మీచెన్నకేశవస్వామి గుడిలో విజయనగర కాలపు మండపం చూసినవారికి, ఈ ఊరికి ఈ కాలపు కళకంటూ వేరే మ్యూజియం ఎందుకనిపించవచ్చు. నాకు అలా అనిపించలేదు. ఆ స్తంభాల మీది బొమ్మలు చెక్కిన నాడు అవీ కొత్త కళే, నిజమే. కానీ గుడికి తన పని తనకుంది; పూజ జరిగే చోటును ప్రదర్శనశాలగా చూడటం మొదలైతే ముందు నష్టపోయేది గుడే. ఈ కాలపు కళకు పాత కట్టడంలో చోటు వెతికితే, పని ఆగిపోయినదాన్నే వెతకాలి. ఇక్కడ అలాంటివి ఒకప్పుడు బడిపిల్లల రాతపలకలు తయారుచేసిన షెడ్లు.

రేకుల షెడ్డు చారిత్రక కట్టడం ఎలా అవుతుందని అడుగుతారు. మనకు చరిత్ర అంటే రాజో జమీందారో కట్టించినదై ఉండాలి మరి! బెంగళూరులో 2009లో జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాల తెరిచింది కూడా మాణిక్యవేలు మాన్షన్ అనే సంపన్నుల భవంతిలోనే. అయితే లండన్‌లో 2000లో టేట్ మోడర్న్ వెలిసింది మూతబడిన విద్యుత్ కేంద్రంలో. ఒకప్పుడు టర్బైన్లు తిరిగిన హాలే ఇప్పుడు దానికి ఆయువుపట్టు. మార్కాపురం పలక మీద ఎన్ని ఊళ్ల పిల్లలు ఓనమాలు దిద్దారో తలచుకుంటే, ఈ షెడ్లకు కోటలకున్నంత చరిత్ర ఉంది.

పైగా కళకు కావలసిన ముడిసరుకు ఇక్కడే ఉంది. వంద కోట్ల ఏళ్లకు పూర్వం నీటి అడుగున పేరుకున్న మెత్తటి మట్టి, ఒత్తిడికి గట్టిపడి పలకరాయి అయింది. ఈ రాతి శ్రేణికి భూగర్భ శాస్త్రజ్ఞులు పొరుగునున్న కంభం పేరే పెట్టారు. ఉలి ఎక్కడ ఆనించి ఎంత తేలిగ్గా కొడితే పొర విరగకుండా ఊడుతుందో కార్మికుడి చేతికి తెలుసు. ఆ నేర్పు కళాశాలలో దొరకదు.

నోటుపుస్తకం, ప్లాస్టిక్ పలక వచ్చి పని పోగొట్టుకున్న ఊరికి మ్యూజియం కూడు పెడుతుందా? పెట్టదు. ఆ మాట ఒప్పుకున్నాకే ముందుకు వెళ్లాలి. అది ఫ్యాక్టరీకి బదులు కాలేదు. పలకరాయి కోసేవాళ్లకు కళాకారులతో సమానంగా కూలి, పేరు ఇస్తేనే దానికి అర్థం. కోతలో లేచే సిలికా దుమ్ము ఊపిరితిత్తులను ఏం చేస్తుందో దాచి, బడి జ్ఞాపకాల తీపి మాత్రమే పంచేదైతే కట్టకపోవడమే మేలు.

అసలు చిక్కు వేరే ఉంది. మ్యూజియం దాచిపెట్టే చోటు, పలకేమో తుడిచేసే వస్తువు. కళాకారుడు బలపంతో గీసినదాన్ని అద్దం వెనక పెడతారో, సాయంత్రానికి తడిగుడ్డతో తుడవనిస్తారో, షెడ్డుకు సున్నం వేయకముందే తేల్చుకోవాలి.